తొట్టి నీళ్లు

నవంబరు 18, సోమవారం

ఈ డైరీ విత్తనాల కంపెనీ వాళ్లు మా ఆయనకు ఇచ్చారు. ఒక్క పేజీ కూడా రాయలేదు. నేను తీసుకుని సజ్జల డబ్బాలో అడుగున పెట్టుకున్నాను. అత్తకు చదువు రాదు. ఆయనకు వస్తుంది కానీ సజ్జల డబ్బాలో చెయ్యి పెట్టడు.

నిన్న చర్చిలో అయ్యగారు నన్ను లేపి వాక్యం చదవమన్నారు. ఐదు వరుసలే. అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. గొంతు రాలేదు. అత్త పక్కనుంచి మోచేత్తో పొడిచింది. అప్పటికీ రాలేదు. "కూర్చో తల్లీ" అన్నారు అయ్యగారు. వెనక ఎవరో నవ్వారు.

మా పుట్టిన ఊరు వేంపల్లెలో బడికి పోయేటప్పుడూ ఇంతే. హాజరు పిలిస్తే పలకలేకపోయేదాన్ని. సారు విసిగిపోయి "నోరు రాకుంటే చెయ్యెత్తు పాపా" అన్నాడు. ఏడో తరగతి దాకా చెయ్యెత్తుకుంటూ చదివాను. పెళ్లయి ఏడాదిన్నర అయింది, ఈ ఊళ్లో ఇంకా ఎవరి ముందూ గట్టిగా మాట్లాడలేదు.

కూటం అయిపోయాక అత్త అయ్యగారితో చెప్పింది. "నా కోడలు మూగది గాదయ్యగారూ. నోటితో కాకున్నా చేత్తో సేవ చేస్తాది. క్రిస్మస్‌కు జనాలు కూచునేదానికి పట్ట మా మహిమ కుట్టి ఇస్తాది."

ఖాళీ యూరియా సంచులు కడిగి, విప్పి, ఒకదానికొకటి కలిపి కుట్టాలి. మా ఇంట్లో పన్నెండు ఉన్నాయి. చేతి పని కాబట్టి నాకు సంతోషం.

నవంబరు 20, బుధవారం

ఈ రోజు మా చేను దగ్గర బోరు తొట్టిలో పన్నెండు సంచులు కడిగాను. నాలుగు సంచులు వానకు తడిసినవి. అడుగున యూరియా గడ్డ కట్టి ఉంది. చేత్తో నలిపి నీళ్లలో కరిగించాను. ఎండలో కూడా నీళ్లు జిల్లుమన్నాయి. రెండు గంటలకు కరెంటు పోయింది. తొట్టి మళ్లీ నిండాలంటే రేపే. అంత ఎరువు నీళ్లు పారబోయడానికి మనసు రాలేదు. పొద్దున వచ్చి వంకాయ మొక్కలకు చెంబుతో పోస్తాను. సంచులు తెల్లగా వచ్చాయి. ప్రభువా, నా చేతులు నీ పనికి వచ్చాయి.

నవంబరు 21

పదకొండు గొర్రెలు.

నవంబరు 22, శుక్రవారం

నిన్న పొద్దున్నే అత్త నన్ను ఓర్వకల్లుకు బయలుదేరదీసింది. దబ్బనం, పురికొస కొనాలని. తొట్టి సంగతి బస్సెక్కిన తర్వాత గుర్తొచ్చింది. మధ్యాహ్నం వస్తాం కదా, అప్పుడు పోస్తాలే అనుకున్నాను.

ఏటా ఈ రోజుల్లో బసవరాజు తాత తన మందను మా చేలో నిలుపుతాడు. ఎరువు అవుతుందని మేమే పిలుస్తాం. గొర్రెలు మా తొట్టిలోనే నీళ్లు తాగుతాయి. నాకు తెలుసు. ఆ రోజు వస్తాడని మాత్రం తెలియదు.

బస్సు దిగేసరికి ఊరంతా చేల వైపు పరిగెత్తుతోంది. గొర్రెలు మా చేను దాటి ఏసేపు బావ కందిచేను గట్టున పడి ఉన్నాయి. పొట్టలు ఉబ్బి, నోట్లో నురగ. తాత ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని దాని చెవి నిమురుతున్నాడు. అది అప్పటికే చచ్చిపోయింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఏసేపు బావ మా సంఘంలో పుట్టినవాడే. తాగుడు మొదలైనాక చర్చికి రాడు. పోయిన ఆదివారం గొర్రెలు కంది మేశాయని తాతతో గొడవపడి "ఇంగొకసారి వస్తే మందు పెట్టి చంపుతా" అని అందరి ముందే అన్నాడట. అందుకని అందరూ ఆయన మీద పడ్డారు. తాత వాళ్ల అన్న కొడుకులు కట్టెతో కొట్టారు. కుడి మణికట్టు విరిగింది.

జనం అంతా ఆ గట్టున ఉన్నారు. తొట్టి దగ్గర ఎవరూ లేరు. నేను పోయి చూశాను. నీళ్లు సగానికి తగ్గాయి. చుట్టూ డెక్కల గుర్తులు. అడుగున తూములో కుక్కిన గుడ్డ పీకేశాను. నీళ్లు మట్టిలోకి పోయాయి. ఎవరూ చూడలేదు.

పురుగుమందే అయి ఉంటుంది. ఏసేపు బావ నిజంగానే పెట్టాడేమో. నాకేం తెలుసు.

నవంబరు 24, ఆదివారం

ఏసేపు మనసు మారాలని చర్చిలో ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

నవంబరు 26, మంగళవారం

ఆయన అన్నం తింటుంటే అడిగాను. "యూరియా నీళ్లు తాగితే గొర్రెలు చస్తాయా?"

"చస్తాయి. గంట గూడా పట్టదు. ఎందుకు?"

నేను చెంబులోకి నీళ్లు వంచుతున్నాను. చెంబు నిండి నేల మీదికి పొర్లింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నా మొహం చూశాడు.

"సంచులు యాడ కడిగినావు?"

"తొట్టిలో."

"ఆ నీళ్లు?"

"పారబోయలేదు. వంకాయ చెట్లకు పోద్దామని."

ముద్ద మళ్లీ కంచంలో పెట్టాడు. తలుపు వైపు చూశాడు. అత్త వీధిలో ఉంది.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పగాకు. మా యమ్మకు గూడా చెప్పగాకు. పదకొండు గొర్రెలు మనం యాడ్నించి తెస్తాం? రెండు మేకలు, ఒక పెయ్య ఉండాయి. అదే మన ఆస్తి."

"ఏసేపు బావకు చెయ్యి..."

"వాని సంగతి నీకెందుకు? వాడు ఇది చేయకుంటే ఇంగొకటి చేసింటాడు."

చెయ్యి కడుక్కున్న తర్వాత మెత్తగా అన్నాడు. "దేవుని పనికే గదా కడిగినావు మహిమా. నీ మనసు దేవునికి తెలుసు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు. దేవునికి తెలుసు. రాసుకుంటే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. దేవునికి తెలుసు. రాసేకొద్దీ భయం ఎక్కువవుతోంది.

నవంబరు 28, గురువారం

సుంకులమ్మక్క వచ్చింది. ఏసేపు బావ భార్య. ఆమె గుమ్మంలో నిలబడితే నేను ఇంట్లో దాక్కోవాలనుకున్నాను. అత్త లేదు. బయటికి రాక తప్పలేదు.

"పాపా, బుధారం దినం నువ్వు మీ చేనికాడ సంచులు కడగతాంటివి గదా. ఎవురన్నా కొత్తోళ్లు తిరిగినారా ఆడ?"

"నేను చూడలేదక్కా."

"బాగా గ్యాపకం చేసుకో. మా ఆయప్ప తాగుతాడు, అరుస్తాడు. మూగజీవానికి మందు పెట్టే మనిషి కాదు పాపా. కుక్కకు గూడా తన ముద్దలో సగం పెడతాడు, తాగినప్పుడైతే మొత్తం పెడతాడు." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నేను చూడలేదక్కా."

రెండుసార్లు అన్నాను. రెండోసారి గొంతు బాగా వచ్చింది. అబద్ధానికి నా గొంతు బాగానే వస్తుంది.

డిసెంబరు 9, సోమవారం నాడు పాలకేంద్రం ముందు పంచాయితీ అట. ఆ కందిచేను ఒక్క ఎకరమే వాళ్లకు ఉన్నది. గొర్రెల కింద అది తాతకు రాసివ్వమంటారట. "రాసిచ్చినాక ఈ ఊర్లో మాకేం పని? బెంగుళూరు పోయి ఇటికలు మోస్తాం. ఇరిగిన చేత్తో ఎవురు పని ఇస్తారో చూడల్ల" అంది. పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "మీరు ప్రార్థన చేసేవాళ్లు గదా. మాకోసం చేయి."

డిసెంబరు 1, ఆదివారం

పట్టలో సగం అయింది. అత్త దాన్ని తీసుకుపోయి ఆడవాళ్ల వైపు పరిచింది. అందరూ చేత్తో తడిమి ఎంత నున్నగా ఉందో అన్నారు. నేను దాని మీద కూర్చోలేదు. గోడ దగ్గర బండ మీద కూర్చున్నాను.

నెల మొదటి ఆదివారం కదా, ప్రభుభోజనం. దానికి ముందు అయ్యగారు ఎప్పుడూ అడుగుతారు, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అని. లేచాను. నిజంగా లేచాను. యూరియా నీళ్లు తొట్టిలో వదిలేసింది నేనే అని చెప్పాలని రాత్రంతా వరస కట్టుకున్నాను. చర్చి అంతా తిరిగి నన్ను చూసింది. మగవాళ్ల వైపు మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఒక్కసారి తల అడ్డంగా ఊపాడు.

"ప్రభువుకు స్తోత్రం" అన్నాను. కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. "మా చెల్లెలు నోరు తెరిచింది, దేవునికి మహిమ" అన్నారు అయ్యగారు. అత్త కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చి పాయసం చేసింది. నాకు రెండుసార్లు పోసింది.

రొట్టె నా దాకా వచ్చింది. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. తీసుకున్నాను. నోట్లో పెట్టుకునే ధైర్యం లేదు. కొంగు చివర ముడివేశాను. ఇప్పుడు కూడా ఆ ముడిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. పారేస్తే పాపం. తింటే ఇంకా పెద్ద పాపం.

డిసెంబరు 4

సంచులు కడిగిన బుధవారం నాటి పేజీ చించాలని రెండుసార్లు పట్టుకున్నాను. చించలేదు.

డిసెంబరు 6, శుక్రవారం

వేంపల్లెకు ఫోన్ చేశాను. అమ్మకు ఏమీ చెప్పలేదు. "అమ్మా, నువ్వు ఎప్పుడన్నా భయపడినావా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు భయపడలే. మీ నాయన పోయినప్పుడు పొలం పంచాయితీకి ఒక్కదాన్నే పోయింటి. కాళ్లు వణికి చీర కుచ్చిళ్లు ఊడిపోతాయేమోనని చేత్తో పట్టుకోని మాట్లాడినా."

"మరి భయం పోయిందా?"

"యాడ పోతాది? భయం భయమే. మాట మాటే." తర్వాత అనుమానంగా అడిగింది. "ఏమే, మీ ఆయన ఏమన్నా అన్నాడా?"

లేదన్నాను.

డిసెంబరు 8, ఆదివారం

పట్ట పూర్తయింది. పన్నెండు సంచులూ అయిపోయాయి.

ఆయన చెప్పాడు. "రేపు నువ్వు చేనికాడికి పో. పాలకేంద్రం పక్కకు రావాకు." సరే అన్నాను. తల కూడా ఊపాను.

చేనికే పోతాను. అక్కడ పని ఉంది. కలుపు ఉంది. ఆడవాళ్లు పంచాయితీ దగ్గరికి ఎవరూ పోరు. నేను పోతే ఆయన పరువు పోతుంది. మేకలు పోతాయి, పెయ్య పోతుంది. అత్త చర్చిలో తల ఎత్తుకోలేదు. ఇన్ని ఉన్నాయి. చేనికే పోతాను.

డిసెంబరు 9, సోమవారం

అక్షరాలు పెద్దవి చిన్నవి అవుతున్నాయి. అయినా అంతా రాయాలి.

పొద్దున కొడవలి తీసుకుని చేనికి బయలుదేరాను. డైరీ ఎందుకు గంపలో పెట్టుకున్నానో నాకే తెలియదు. అత్త సజ్జలు తీయబోతుందేమోనని పెట్టుకున్నాను. అలా అనుకున్నాను. చేనికి పోయే దారి పాలకేంద్రం వెనక నుంచే. అక్కడ గోడ పక్కన నిలబడిపోయాను. కాళ్లు ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు.

అరుగు మీద లేవి పెద్దయ్య కూర్చున్నాడు. చర్చిలో కూడా ఆయనే పెద్ద. బసవరాజు తాత మెట్టు మీద, కర్ర ఒళ్లో పెట్టుకుని. ఏసేపు బావ నేల మీద, చెయ్యి సంచి గుడ్డతో మెడకు కట్టుకుని. ముప్పై మంది మగవాళ్లు. మా ఆయన కూడా, చివర్లో.

"కడాకు ఇంగొక్కసారి అడుగుతాండా ఏసేపూ" అన్నాడు లేవి పెద్దయ్య. "ఒప్పుకోని కాగితం మీద వేలిముద్ర పెడతావా, స్టేషనుకు పోతావా?"

"చేయని దానికి ఏం ఒప్పుకుంటానప్పా. నోరు పారేసుకున్న్యా, నిజమే. మందు పెట్టలేదు."

"పెట్టకుంటే గొర్రెలు ఊరికే చచ్చినాయా? గాలి తాగి చచ్చినాయా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

కాగితం తీశారు. ఏసేపు బావ ఎడమ చెయ్యి చాచమన్నారు, కుడిది విరిగింది కదా. సిరా దిండు తెచ్చారు.

నోరు రాలేదు. చెయ్యెత్తాను.

మొదట ఎవరూ చూడలేదు. తర్వాత ఒకడు చూశాడు. "ఏం పాపా, బడి అనుకుంటివా? ఒంటికి పోవల్లనా?" మళ్లీ నవ్వులు. చెయ్యి దించలేదు. దించితే మళ్లీ ఎత్తలేనని నాకు తెలుసు. మా ఆయన లేచి నా వైపు వస్తున్నాడు. "ఇంటికి పో" అన్నాడు పళ్ల మధ్య.

బసవరాజు తాత అన్నాడు, "ఉండప్పా నెహెమ్యా. ఆ పాప ఏందో చెప్తాంది."

"గొర్రెలు..." అన్నాను. అంతే వచ్చింది. మింగాను. "గొర్రెలు మా తొట్టి నీళ్లు తాగినాయి. ఆ నీళ్లల్లో యూరియా ఉండాది. నేనే కలిపినా."

ఎవరూ నవ్వలేదు. మా ఆయన గబగబా అన్నాడు. "దానికేం తెలీదు పెద్దయ్యా. ఉత్త భయస్తురాలు. ఏసేపు మీద జాలిపడి ఏందేందో అంటాంది. చర్చిలో నాలుగు మాటలు చదవలేదు, మీరే చూసినారు గదా."

అది నిజమే. లేవి పెద్దయ్య కూడా తల ఊపాడు. "పో తల్లీ, ఇంటికి పో" అన్నాడు.

అప్పుడు గంపలోంచి డైరీ తీశాను. పేజీ తీస్తుంటే కొడవలి తగిలి వేలు తెగింది. నొప్పి తర్వాత తెలిసింది. చదివాను. ఈ రోజు మా చేను దగ్గర బోరు తొట్టిలో పన్నెండు సంచులు కడిగాను. మొదటి వరుస నాకే వినబడలేదు. "గట్టిగా చదువమ్మా" అన్నాడు తాత. ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకున్నాను. నీళ్లు జిల్లుమన్నాయి అన్నచోట అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. యూరియా కరిగితే నీళ్లు చల్లబడతాయని అక్కడ తెలియని మనిషి లేడు. పారబోయడానికి మనసు రాలేదు, అది కూడా చదివాను. ప్రభువా నా చేతులు నీ పనికి వచ్చాయి, అది చదవకుండా ఆపేయాలనుకున్నాను. రాసి ఉంది. చదివాను.

ఆ తర్వాత పేజీలో లేనిది చెప్పాను. గొర్రెలు పడిన తర్వాత తూము గుడ్డ పీకింది కూడా నేనే అని. సుంకులమ్మక్క అడిగితే అబద్ధం చెప్పానని. ఆయనకు తెలుసని మాత్రం చెప్పలేదు. అది ఆయన చెప్పుకోవాలి. ఆయన చెప్పలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

తాత అడిగాడు. "నీళ్లు ఎందుకు పారబోయలేదమ్మా?"

"వంకాయ చెట్లకు పోద్దామని తాతా."

తాత తల మెల్లగా ఆడించాడు. "నేనైనా పారబోయను" అన్నాడు. కళ్లు మాత్రం నా వైపు తిప్పలేదు.

ఏసేపు బావ లేచి నా ముందుకు వచ్చాడు. తాగి లేడు. అంత దగ్గరగా ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. కట్టు కట్టిన చెయ్యి కొంచెం పైకి లేపి చూపించాడు.

"ఇది ఇరగక ముందు చెప్పింటే బాగుండు గదా పాపా."

తెగిన వేలి నొప్పి నాకు అప్పుడు తెలిసింది.

మేకలు రెండూ, పెయ్య తాతకు ఇవ్వాలని తీర్పు. తక్కిన గొర్రెల డబ్బు రెండేళ్లలో. ఏసేపు బావ చేతికి వైద్యం ఖర్చు మాది సగం, కొట్టినవాళ్లది సగం. లేవి పెద్దయ్య ఆ కాగితం చించేశాడు.

చేనికి పోయాను. తొట్టి పక్కన కూర్చుని కొంగు ముడి విప్పాను. రొట్టె ఎండి గవ్వలా గట్టిగా అయింది. నమిలాను. చాలాసేపు నమిలాను.

డిసెంబరు 11

పెయ్యను తోలుకుపోయారు. గుమ్మం దాటనని మొరాయించింది. అత్త దానికి బెల్లం పెట్టి పంపింది. అత్త నాతో మాట్లాడడం లేదు. ఆయనా మాట్లాడడం లేదు. ముగ్గురం ఒక ఇంట్లో చెంబుల చప్పుడు వింటూ ఉన్నాం.

డిసెంబరు 15, ఆదివారం

అత్త పట్టను చుట్టి మూలన పెట్టింది, "ఇది యాడ పరుస్తాం ఇంగ" అంటూ. అయ్యగారు వచ్చి తనే భుజాన వేసుకుని తీసుకుపోయారు. చర్చిలో పరిచారు. మొదట ఎవరూ కూర్చోలేదు. నేను పోయి కూర్చున్నాను. నా చుట్టూ ఖాళీ ఉంది. కాసేపటికి అత్త వచ్చి పక్కన కూర్చుంది. మోచెయ్యి తగులుతోంది.

డిసెంబరు 25

సుంకులమ్మక్క వచ్చి పట్ట మీద చివర కూర్చుంది. ఏసేపు బావ రాలేదు. అయ్యగారు వాక్యం నన్నే చదవమన్నారు. గొంతు వణికింది. రెండో వరుసలో ఒక మాట తప్పింది. చదివాను.

జనవరి 3, శుక్రవారం

తాత మంద మళ్లీ మా చేనికి వస్తుందని అనుకోలేదు. మొన్న వచ్చింది. దూరంగా గట్టున గొర్రెలను ఆపేసి నిలబడ్డాడు. తొట్టి వైపు తోలలేదు. ఊరికే నిలబడ్డాడు.

నేను తొట్టి దగ్గరికి పోయాను. దోసిట్లో నీళ్లు ముంచి ఆయనకు కనబడేటట్టు తాగాను. ఇంకో దోసెడు తాగాను. కాసేపు ఉండి ఆయన "హేయ్" అని గొర్రెలను వదిలాడు.

నిన్న కూడా అంతే. ఆయన ఆగాడు, నేను తాగాను, గొర్రెలు వచ్చాయి.

భయం పోలేదు. నీళ్లు ముంచేటప్పుడు ప్రతిసారీ, చల్లగా తగులుతాయేమోనని ముందు ఒక వేలు పెట్టి చూస్తాను.

ఈ రోజు పోయేసరికి తొట్టి అడుగు పాచి గీకి శుభ్రంగా కడిగి ఉంది. నీళ్లు నిండుగా ఉన్నాయి. గట్టు మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. మా ఇంటిదే, అంచు మీద మా ఆయన పేరు చెక్కి ఉంటుంది. నేను తెచ్చింది కాదు.

ముంచుకుని తాగాను. తాత గొర్రెలను వదిలాడు.